దూరస్థుల గోష్ఠిగానము



నేటి ప్రసంగవిషయము గోష్ఠిగానము. అందును ఒక్కచోట కూడి పాడు గోష్ఠి కాదు. ఎవరింట వారుండి, ఎవరి వంతు వారు పాడి, వాయించి, ఇంటర్నెట్టు ద్వారా పంపగా, ఆ ముక్కలనన్నిటిని ఒక్క పాటగా కూర్చెడి గోష్ఠి. ఇది కేవలము యంత్రవినోదమని కొందరు తోసిపుచ్చుదురు. కాని కేంద్రప్రభుత్వోద్యోగుల సాంస్కృతిక సంఘమునకు ఇది జీవన్మరణముల ప్రశ్నయే. ఉద్యోగి జీవితమున బదిలీ యనునది ఋతువు వంటిది, వద్దనిన ఆగదు. గోష్ఠి కుదురుటకు మూడేండ్లు పట్టును; చెదరుటకు ఒక్క ఉత్తరువు చాలును. నిన్న జనక్‌పురిలో వీణ వాయించిన ఇల్లాలు నేడు గౌహతిలో నుండును. మృదంగము వాయించిన పెద్దమనిషి పదవీవిరమణ చేసి హైదరాబాదు చేరును. తంబురా పట్టిన బాలిక పై చదువులకు సముద్రములు దాటును. మిగిలినవారు నలుగురు. ఆ నలుగురును, "ఇక పాట యేమి పాడుదుము?" అని నిట్టూర్చి ఊరకుండిన, సంఘము ఏటేట ఒక విందుగా, ఒక ఫోటోగా మిగిలిపోవును.

జనక్‌పురికి సంగీతము కొత్త కాదు. 2014లో ఇక్కడ తెరచిన ఢిల్లీ హాట్‌ను సంగీతము ఇతివృత్తముగనే నిర్మించిరి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్ర విద్యా సంఘపు పాఠశాల ఈ కాలనీలోను కలదు. తెలుగు కుటుంబములు చుట్టుపట్ల స్థిరపడుటకు అటువంటి పాఠశాలలు ఎంత తోడ్పడినవో పెద్దలెరుగుదురు. కావున పాడువారికి కొరత లేదు, వినువారికి కొరత లేదు. కొరత యెల్ల, కూడి పాడుటకు తగిన వేళ కుదరకపోవుటయే.

వేరువేరు ప్రాంతముల కళాకారులను ఒక్క పాటలో కూర్చవలెనను తలపు ఢిల్లీలో చాల పాతది. 1952లో ఆకాశవాణి ఇచ్చట వాద్యవృందమును నెలకొల్పినది. పండిత రవిశంకర్ దానికి నాయకుడు. ఉత్తరాది సితారు, సరోదులతో దక్షిణాది వీణ, మృదంగములు ఒకే కప్పు క్రింద కూర్చున్నవి. తరువాతి కాలమున ద్రాక్షారామమున పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఆ వృందమునకు స్వరరచన చేసి నడిపెను. ఒక్కొక్కరు ఒక్కొక్క సంప్రదాయమున పెరిగినవారైనను వారిని కలిపినది ఒకే గది, ఒకే శ్రుతి, ఒకే నాయకుని చేతిసైగ. నేటి దూరగోష్ఠిలో గది లేదు. మిగిలిన రెండింటిని ఎట్లు నిలుపుకొనవలెనన్నదే సమస్య.

ఈ సమస్యను ఇటీవల లోకమంతయు ఎదుర్కొన్నది. 2010లో అమెరికా స్వరకర్త ఎరిక్ విటేకర్, 12 దేశములకు చెందిన 185 గళములతో ఒక బృందగీతమును కూర్చెను. గాయకులు ఆయన చేతిసైగల వీడియో చూచుచు ఎవరింట వారు పాడి పంపిరి. 2018లో గాంధీ మహాత్ముని 150వ జయంతి ఉత్సవముల ఆరంభమున, మన విదేశాంగశాఖ నూటికి పైగా దేశముల కళాకారులచే "వైష్ణవ జనతో" పాడించి, ఆ ఖండములను కూర్చి అక్టోబరు 2న న్యూఢిల్లీలో విడుదల చేయించినది. పాడినవారిలో హెచ్చుమందికి గుజరాతీ రాదు. ఐనను పాట ఒక్కటే అయినది. ప్రభుత్వోద్యోగులు గర్వింపదగిన సంగతి యిది. రాయబార కార్యాలయములలోని ఉద్యోగులు స్థానిక కళాకారులను వెదకి పట్టుకొనకున్న ఆ పాట లేదు.

పిమ్మట 2020 వచ్చినది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశవ్యాప్త నిర్బంధము. సభలు లేవు, కచేరీలు లేవు. ఆ నెలాఖరుననే సాలూరి రాజేశ్వరరావు కుమారుడైన సంగీతదర్శకుడు కోటి ఒక పాట కట్టగా చిరంజీవి, నాగార్జున, వరుణ్ తేజ్, సాయి ధరమ్ తేజ్‌లు తమతమ ఇండ్లనుండియే అందులో పాల్గొనిరి. మే నెలలో రెండు వందలకు పైగా గాయకులు ఇండ్లనుండి పాడిన "జయతు జయతు భారతం" వెలువడినది. అందు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి గళమును కలదు. అదే ఏడు సెప్టెంబరు 25న ఆయన దివంగతులైరి. ఆ నెలలలో ఇంటి గదిలో నిలిచి పాడిన పాటకు గల విలువ ఆనాడు తెలియలేదు, నేడు తెలియుచున్నది.

ఇక ప్రశ్న. ఫోనులో నలుగురు ఎదురెదురుగా కనబడుచున్నారు గదా, కలిసి ఒక్కసారే పాడిన ఏమి? పాడి చూచినవారికి జవాబు తెలియును. తాళము తలకొక దారి పట్టును. దీనికి కారణము గాయకుల అసమర్థత కాదు, ప్రకృతిధర్మము. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. మూడు మీటర్ల దూరమున కూర్చున్న మృదంగవాద్యము గాయకుని చెవికి సెకనులో వేయింట తొమ్మిది వంతుల ఆలస్యముతో చేరును. ఆ పాటి ఆలస్యమును చెవి లెక్కింపదు. ఆలస్యము వేయింట ఇరువదియైదు, ముప్పది వంతులు దాటినప్పుడు లయ సడలును. ఒకరికొరకు ఒకరు ఆగుచు, పాట బరువెక్కి జారిపోవును. అనగా సుమారు పది మీటర్లు గోష్ఠికి సహజమైన హద్దు. మన కచేరీవేదికపై ప్రక్కవాద్యములు గాయకునికి అంత చేరువగా కూర్చుండుట కేవలము మర్యాదకొరకు కాదు.

2009 మే 10న సికిందరాబాదు పెరేడ్ మైదానమున సిలికానాంధ్ర వారు లక్షకు పైగా గళములతో అన్నమాచార్య సంకీర్తనలు పాడించిరి. అంత విశాలమైన మైదానమున నూరు మీటర్ల ఆవలివాని గొంతు ఇవతలివానికి సెకనులో దాదాపు మూడవ వంతు ఆలస్యముగా వినబడును. కనుక ఒకే మైదానమున నిలిచినంత మాత్రమున అందరును ఒకే క్షణమున ఉన్నట్లు కాదు. దూరము ప్రతి పాటలోను ఉన్నది, హెచ్చుతగ్గులే భేదము.

ఇంటర్నెట్టులో గానము కాంతిరూపమున గాజుతీగలలో సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. జనక్‌పురినుండి హైదరాబాదునకు తీగదారి వేయిన్నర కిలోమీటర్లు దాటుననుకొనిన, కాంతి ప్రయాణమునకే వేయింట ఎనిమిది వంతులు పట్టును. దారిలోని యంత్రములు, ఇంటి ఫోను, మైకు చేయు జాప్యము దానికి తోడగును. నగరములోనే ఉన్న ఇద్దరు మంచి తీగ కనెక్షనుతో ఒక్కసారిగా పాడుకొనవచ్చును. అందుకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పుట్టిన జాక్‌ట్రిప్, 2006లో మొదలైన జామ్యులస్ వంటి సాధనములు కలవు. కాని న్యూజెర్సీ యందున్న కోడలితో కలిసి పాడుట వేరు సంగతి. అక్కడికి పోవుటకే కాంతికి వేయింట అరువది వంతులు కావలెను. రాకకు మరి యరువది. నిమిషమునకు ఎనుబది అక్షరముల కాలప్రమాణమున ఆదితాళము వేసినచో ఒక్కొక్క అక్షరము ముప్పాతిక సెకను. అక్షరమునకు నాలుగు స్వరములు పాడునప్పుడు ఒక్కొక్క స్వరమునకు దక్కునది సెకనులో ఐదవ వంతుకన్న తక్కువ. రాకపోకల ఆలస్యము అందులో మూడింట రెండు పాళ్లు మ్రింగివేయును. ఏ కంపెనీవారు ఎంత మంచి యంత్రము అమ్మినను కాంతివేగమును పెంచజాలరు.

సమావేశములకై తయారైన వీడియో సాధనములలో మరియొక చిక్కు కలదు. అవి మాటలకొరకు చేసినవి. ఇద్దరు ఒక్కమారు నోరు తెరచిన, ఒకరి గొంతు అణచి రెండవవారిది పైకి తెచ్చును. ఎడతెగక మ్రోగు ధ్వనిని ఫ్యాను రొదగా భావించి తుడిచివేయును. పాపము, తంబురా నాదము దానికి ఫ్యాను రొదవలెనే తోచును! శ్రుతిని మాతయని కొలిచిన సంప్రదాయమునకు ఇంతకన్న అపచారమేమున్నది? కనుక అభ్యాసమునకు వాడునప్పుడు ఆ శబ్దనివారణను తప్పక ఆపవలెను.

కలిసి ఒక్కసారి పాడుట కుదరనప్పుడు, ఒకరి తరువాత ఒకరు పాడి కూర్చుటయే మార్గము. ఇదియు కొత్త సంగతి కాదు. మద్రాసు స్టూడియోలలో ఒకప్పుడు గాయకులు, వాద్యబృందము ఒకే హాలులో కూర్చుండి ఒక్క ఊపున పాట ముగించెడివారు. ఒక్కరు తప్పిన అందరును మొదటికి రావలసినదే. బహుళపథములుగా ధ్వనిని ముద్రించు టేపు యంత్రములు వచ్చిన పిమ్మట గాయకుడొకనాడు, వాద్యములొకనాడు ముద్రించుట పరిపాటి యయ్యెను. నాడు స్టూడియోకే చెల్లిన ఆ సౌకర్యము నేడు ఇంటి కంప్యూటరునకు వచ్చినది. ఆడాసిటీ వంటి కూర్పుసాధనములు ఉచితముగనే లభించుచున్నవి.

మొదట చేయవలసినది మూలపథము. ఒక సమర్థురాలు లేక సమర్థుడు తంబురా, తాళములతో కృతిని ఆద్యంతము పాడి ముద్రింపవలెను. అదియే అందరికి నాయకుని చేతిసైగ. పాటకు ముందు రెండు ఆవర్తనములు వట్టి తాళము వేసి, చివర ఒక గట్టి చప్పట్టు వినిపింపవలెను. ప్రతివారును తమ ముద్రణలో ఆ చప్పట్టుతో చప్పట్టు కలిపినచో, కూర్చువానికి అన్ని ముక్కలను ఒక వరుసకు తెచ్చుట సులభమగును. యంత్రపు టిక్కుటిక్కుకన్న మృదంగపు సర్వలఘువే మేలు. టిక్కు కాలమును చెప్పును గాని నడకను చెప్పదు.

మూలపథమును చెవిలో వినుచు, వేరొక ఫోనులో తమ గొంతును ముద్రించుకొనవలెను. చెవికి తీగగల ఇయర్‌ఫోనులే వాడవలెను. తీగలేనివి సెకనులో పదవ వంతుకు పైగా ఆలస్యము చేయును. వాటితో పాడిన మహావిద్వాంసుడును తాళము తప్పినవాడుగనే వినబడును. ఒక చెవి తెరచి యుంచుకొనిన తన శ్రుతి తనకు తెలియును. గది విషయమున ఢిల్లీవాసులకు ఒక వరము, ఒక శాపము కలవు. వరము చలికాలపు రజాయిలు. గోడకు వ్రేలాడదీసినచో గది మ్రోత తగ్గును. శాపము వేసవి, ఫ్యాను, కూలరు ఆపి ఆరు నిమిషములు పాడుట తపస్సే. ప్రొద్దున నీళ్ల మోటారు, పిమ్మట కూరగాయల బండి, మధ్యాహ్నము పొరుగింటి కుక్కరు ఈలలు తప్పించుకొని పాడువేళను ఎవరికి వారు కనుగొనవలెను.

ముద్రించిన దానిని వాట్సాపున గొంతుసందేశముగా పంపరాదు. అది ధ్వనిని నొక్కి కుదించి పంపును. కుదింపని ఫైలుగనే పంపవలెను. సెకనుకు 48 వేల నమూనాలు, 24 బిట్ల ప్రమాణమున ఒక్క గొంతు నిమిషమునకు సుమారు 8.6 మెగాబైట్లు. నలువదిమంది ఆరు నిమిషముల కృతి పాడిన, మొత్తము రెండు గిగాబైట్లకు కొంచెము హెచ్చు. ఇది నేటి దినములలో పెద్ద బరువు కాదు. కాని అందరును ఒకే ప్రమాణము పాటింపవలెను. ఒకరు 44,100 నమూనాలతో ముద్రించినది 48,000గా చదువబడినచో తాళము నూటికి తొమ్మిది వంతులు వేగమగును. శ్రుతి సుమారు ఒకటిన్నర మెట్టు పైకి పోయి, ఏ శ్రుతిపెట్టెకును అందక నడుమ వ్రేలాడును. గాయకుని నిందించుటకు ముందు ఈ సంగతి చూచుకొనుట న్యాయము.

ఇక కూర్చువాని పని. ఇచ్చటనే వివేకము కావలెను. శ్రుతిని దిద్దు యంత్రోపాయములు నేడు కలవు. అవి ప్రతి స్వరమును సమీపమున నున్న మెట్టుకు లాగి కట్టివేయును. పాశ్చాత్యబాణీకి అది చెల్లునేమో. తోడి గాంధారము ఊగకున్న తోడి కానే కాదు. గమకమును తప్పుగా భావించి దిద్దు యంత్రమును కర్ణాటకసంగీతము దరికి రానీయరాదు. తప్పు పాడినవారు మరల పాడవలెనే గాని, యంత్రముచే పాడింపబడరాదు.

ఈ పద్ధతికి ఏ రచనలు తగును? మనోధర్మము తగదు. రాగాలాపనలో గాయకుని వెంట వయొలిను నీడవలె నడచుట, కల్పనస్వరములకు మృదంగము అప్పటికప్పుడు బదులు చెప్పుట ముందే ముద్రించిన ముక్కలతో సాధ్యము కాదు. స్వరబద్ధమై, అందరికి ఒకే పాఠమున్న రచనలే తగును. త్యాగరాజస్వామి పంచరత్నములు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలో ఐదును ఆదితాళమే. గోష్ఠికి చాలకాలముగా అలవాటైనవి. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో విని నేర్చిన తరము ఇంకను మన నడుమ నున్నది. అన్నమయ్య సంకీర్తనల విషయమున మాత్రము ఒక జాగ్రత్త. సాహిత్యము రాగిరేకులదైనను, నేడు పాడు వరుసలలో హెచ్చుభాగము ఇరువదవ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. వారి పేరు చెప్పుటయు, అవసరమైనచోట అనుమతి పొందుటయు కర్తవ్యము.

ఈ పద్ధతిని శంకించువారి మాటలు త్రోసివేయదగినవి కావు. గోష్ఠి యనగా పాడుట మాత్రమే కాదు, వినుట యని వారందురు. ప్రక్కవాని ఊపిరి విని తన ఊపిరి సవరించుకొనుటయే దాని ప్రాణము. ఒంటరి గదిలో చెవికి తీగ తగిలించుకొని పాడినవాడు మూలపథమును వినెను గాని తోటివానిని వినలేదు. ఇది నిజము. అభ్యాసానంతరము ఉప్మా తినుచు చెప్పుకొను కబుర్లును ఏ ఫైలులోను ఇమడవు. ఇదియు నిజము.

కాని రెండవ ప్రక్కను చూడుడు. చంటిబిడ్డ తల్లి, రాత్రి డ్యూటీ ఉద్యోగి, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని పెద్దలు, బదిలీపై పోయినవారు, వీరందరికిని గోష్ఠి తలుపు మూసియే యుండినది. ఇప్పుడు తెరచుకొన్నది. అంతకన్న ముఖ్యమైనది పిల్లల సంగతి. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్లలు గుంపులో పాడునప్పుడు లకార ళకారములు, నకార ణకారములు, ఒత్తులు కలిసిపోయి ఎవరికి వినబడవు. తప్పు గుంపులో దాగును. దూరగోష్ఠిలో ప్రతి గొంతు వేరుగా వినబడును. తప్పు తెలియును, ప్రేమతో దిద్దవచ్చును. పాట నెపమున మాతృభాష నాలుకకు పట్టును. కంప్యూటరు పని పిల్లలకు తెలియును, కృతి పెద్దలకు తెలియును. ఒకరి గురుత్వము ఒకరు ఒప్పుకొనుటకు ఇంతకన్న మంచి అవకాశము దొరకదు.

ఈ ప్రయోజనములతో పాటు ఒక ప్రమాదమును చెప్పవలెను. ఎదురెదురుగా పాడు గోష్ఠిలో గొంతు బాగులేనివానిని ఎవరును తొలగింపజాలరు. వాడు మనవాడు, ప్రక్కన కూర్చున్నాడు. దూరగోష్ఠిలో కూర్చువాడు ఒక్క మీట నొక్కిన వాని గొంతు మాయమగును. వీడియోలో వాని ముఖము కనబడుచుండును, పెదవులు కదలుచుండును, గొంతు ఉండదు. వాడు బంధువులందరికి చూపి మురియుచుండును. ఇది వంచన. ఆస్థానవిద్వాంసుల సభకు ఇట్టి ఏరివేత చెల్లిన చెల్లవచ్చును. కుటుంబముల సంఘమునకు చెల్లదు. ఎవరి గొంతైనను తగ్గింపవలసినచో తగ్గింపుడు, కాని తుడిచివేయకుడు. తుడువక తప్పదనిన, ముందుగా వారికి చెప్పి, మరల పాడుటకు అవకాశమిండు. సంఘము ఈ ఒక్క నియమమును వ్రాసిపెట్టుకొనిన యంత్రము దాసియై యుండును. లేకున్న దొరసాని యగును.

కావున సంఘము ఆలోచింపదగిన మార్గమొకటి కలదు. ఏటేట పంచరత్నములలో ఒక కృతిని ఎన్నుకొని, దసరా నాటికి మూలపథమును సిద్ధము చేయవలెను. ఢిల్లీలో నున్నవారు నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట కూడి అభ్యసింపవలెను; దూరమున నున్నవారు ఆ అభ్యాసమును వినవలెను. దీపావళి దాటిన పిదప ఎవరి ముక్క వారు పంపవలెను. పుష్య బహుళ పంచమినాడు, త్యాగరాజస్వామి సిద్ధిపొందిన తిథిని, జనక్‌పురిలో సభ తీర్చి ఆ కూర్పును మొదట వినిపించి, వెంటనే అదే కృతిని ఇక్కడివారు ఎదురెదురుగా కూర్చుండి పాడవలెను. మొదటిదానిలో వెళ్లిపోయినవారి గొంతులు వినబడును. రెండవదానిలో ఉన్నవారి ఊపిరులు కలియును. ఒకటి లేకున్న రెండవది కుంటిది.

బదిలీ ఉత్తరువును సంఘము ఆపలేదు. కాని ఆ ఉత్తరువు అందుకొన్నవాని పేరు గాయకుల పట్టికనుండి కొట్టివేయవలసిన అగత్యము ఇక లేదు. ఆ పట్టికను ఈ ఏడే తెరచి, గత పదేండ్లలో వెళ్లిపోయినవారికి ఒక్కొక్క జాబు వ్రాయుటతో పని ఆరంభింపవచ్చును.